సోయి తప్పిన అత్త, ఎవరి సోయిలోనూ లేని కోడలు

మా నిర్మల్ వైపు మాటల్లో యాది వేరు, సోయి వేరు. యాది అంటే జ్ఞాపకం. సోయి అంటే ఎరుక. నేనెవరిని, ఎక్కడున్నాను, ఎదురుగా కూర్చున్నదెవరు అన్న తెలివిడి. యాది మరిచినవాళ్ళను చూసి నవ్వుకుంటాం, సోయి తప్పినవాళ్ళను చూసి భయపడతాం. డాక్టర్లు డిమెన్షియా అని పిలిచేది చాలాసార్లు మొదటి మాట దగ్గర మొదలై రెండో మాట దగ్గరికి చేరుతుంది. పుస్తకాల్లో దానికి చిత్తవైకల్యం అని పేరు పెట్టుకున్నాం. కానీ ఏ కోడలూ ఆ మాటతో డాక్టరుకు చెప్పుకోదు. "అత్తకు సోయి ఉంటలేదు సారూ" అంటుంది. జబ్బుకు మాట లేక కాదు, ఆ మాటను వినేవాళ్ళు లేక మన దగ్గర ఇది జబ్బుగా లెక్కకు రావడం లేదు.

పేద దేశాల్లో, ఆదివాసుల్లో డిమెన్షియాను ఎట్లా అర్థం చేసుకుంటారన్న విషయం మీద ముప్ఫై ఏళ్ళుగా చాలా రాశారు. చదువుతూ పోతే రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకటి వైద్యుల గొంతు: వీళ్ళకు అవగాహన లేదు, జబ్బును ముసలితనం అనుకుంటారు, మంత్రగాళ్ళ దగ్గరికి తీసుకుపోతారు. రెండోది కొంతమంది సంస్కృతి ప్రేమికుల గొంతు: వీళ్ళు పెద్దలను గౌరవిస్తారు, మరుపును వయసుతో వచ్చే సహజమైన మార్పుగా తీసుకుంటారు, పడమటి దేశాల్లోలాగా వృద్ధాశ్రమాల్లో పడేయరు. ఒకటి తిడుతుంది, ఇంకొకటి మెచ్చుకుంటుంది. రెండూ అడగని ప్రశ్న ఒక్కటే. రాత్రి మూడు గంటలకు లేచి తలుపు గొళ్ళెం తీసుకుని బయటికి పోతున్న ఆ ముసలామె వెనకాల పరుగెత్తేది ఎవరు? తడిసిన బట్టలు ఉతికేది ఎవరు? ఈ ప్రశ్న వేయగానే 'సంస్కృతి' అని మనం గొప్పగా చెప్పుకునేదాని కింద ఒక ఆడమనిషి కూలి లేని చాకిరి కనపడుతుంది.

అసలు ఈ జబ్బు కథే ఒక స్త్రీతో మొదలైంది. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో ఆలోయిస్ ఆల్జైమర్ అనే డాక్టరు చూసిన రోగి పేరు ఔగుస్టే డేటర్. వయసు 51. భర్త రైల్వే గుమాస్తా. ఆమెలో ఇంటివాళ్ళు గమనించిన మార్పుల్లో వంటలో పొరపాట్లు ఒకటి. 1906లో ఆమె చనిపోయాక మెదడును పరిశీలించి ఆల్జైమర్ ఆ ఏడే సహ వైద్యుల ముందు వివరించాడు. జబ్బుకు డాక్టరు పేరు దక్కింది. ఆమె మాత్రం దాదాపు తొంభై ఏళ్ళు వైద్య గ్రంథాల్లో 'ఔగుస్టే డి' అయి ఉండిపోయింది. ఆమె కేసు ఫైలు 1995లో బయటపడ్డాకే ఆమె పూర్తి కథ లోకానికి తెలిసింది. వంట పాడైతే తప్ప ఆడదాని మరుపు కంటపడదన్న సంగతి ఆ మొదటి కేసులోనే ఉంది. మనం దాన్ని అక్కడ చదువుకోలేదు.

సాహిత్యం, సినిమా ఈ పని చేశాయా? మన భాషల్లో ఈ జబ్బును చూపించిన సినిమాలను వరసగా పెట్టి చూడండి. 2005లో వచ్చిన మలయాళ 'తన్మాత్ర'లో కథానాయకుడు సెక్రటేరియట్ ఉద్యోగి. అదే ఏడు వచ్చిన హిందీ 'మైనే గాంధీ కో నహీ మారా'లో ప్రొఫెసర్. అదే ఏడాది 'బ్లాక్'లో ఉపాధ్యాయుడు. మరాఠీ 'అస్తు'లో సంస్కృత పండితుడు. 2016 నాటి కన్నడ 'గోధి బణ్ణ సాధారణ మైకట్టు'లో తప్పిపోయిన తండ్రి. అన్నీ మంచి సినిమాలే, ఏడిపించే సినిమాలే. కానీ ఈ వరస ఒక మాట చెబుతోంది. పోగొట్టుకున్న జ్ఞాపకం విలువైనదైతేనే మరుపు విషాదం అవుతుంది. పండితుడి శ్లోకాలు పోతే విషాదం. ఏ గింజను ఏ కుండలో దాచిందో మరిచిపోయిన ముసలామె కథ సినిమాకు చాలదు. ఇంగ్లీషులో ఆడమనిషిని కథానాయికగా పెట్టిన 'స్టిల్ ఆలిస్' నవల 2007లో వచ్చింది. అక్కడా ఆమె హార్వర్డ్ ప్రొఫెసర్. మన తెలుగుకు వస్తే మతిమరుపు ఎప్పుడూ హాస్యం కిందే లెక్క. 2015లో ఆడిన 'భలే భలే మగాడివోయ్'లో హీరోది డిమెన్షియా కాదు, మతిమరుపే. మరిచిపోయే మగవాడు ముద్దొస్తాడు. పొయ్యి మీద పాలు మరిచిన ఆడది తిట్లు తింటుంది. ఈ తేడాను మన విమర్శ ఎందుకు పట్టించుకోలేదన్నది నా మొదటి ఫిర్యాదు.

ఇప్పుడు లెక్కల దగ్గరికి వద్దాం. డిమెన్షియా ఉన్నవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది పేద, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారు, పరిశోధనలో మాత్రం పదో వంతు కూడా వాళ్ళ మీద జరగడం లేదు. ఈ అన్యాయాన్నే పేరుగా పెట్టుకుని 1998లో '10/66' అనే అంతర్జాతీయ పరిశోధన బృందం ఏర్పడింది. అప్పటికి వాడుకలో ఉన్న అమెరికా మానసిక వైద్యుల ప్రమాణాలతో చూస్తే, తమిళనాడులోని వెల్లూరు పల్లెల్లో 65 ఏళ్ళు దాటినవాళ్ళలో డిమెన్షియా 0.3 శాతమేనని వాళ్ళ 2008 నాటి వ్యాసం చెప్పింది. అవే ప్రమాణాలతో క్యూబాలో 6.3 శాతం. తమ సొంత పద్ధతితో లెక్కవేసినప్పుడు మాత్రం వెల్లూరు సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. అదే ఊరు, అవే మనుషులు. మరి తేడా ఎక్కడుంది?

పాత ప్రమాణాల ప్రకారం జబ్బు ఉన్నట్టు తేలాలంటే, ఆ మనిషి రోజువారీ పనులు దెబ్బతిన్నాయని ఇంటివాళ్ళు చెప్పాలి. పల్లెల్లో ఇంటివాళ్ళు ఆ మాట చెప్పలేదు. ఆ వయసు మనిషి నుంచి వాళ్ళు పెద్దగా ఏమీ ఆశించరు. "ముసల్దానికి ఇంకేం పనుంది, మరువక ఏం చేస్తది" అని మన దగ్గరా అంటారు కదా. పెద్దవాళ్ళను కూర్చోబెట్టి చూసుకునే ఆదరణ ఇందులో ఉంది, కాదనను. ఆ ఆదరణ పక్కనే ఇంకోటి కూడా ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగరు. డబ్బు లెక్క అడగరు, పిల్లకు సంబంధం కుదిరినప్పుడు సలహా అడగరు. ఏమీ అడగని మనిషి ఏం మరిచిందో ఎట్లా తెలుస్తుంది? ఆ 0.3 శాతంలో నాకు కనపడేది జబ్బు లేకపోవడం కాదు. ముసలి ఆడమనిషికి ఇంట్లో మిగిలిన స్థానం ఎంతో కనపడుతుంది.

అడిగినప్పుడైనా ఏం అడుగుతున్నారు? లోకమంతా వాడే జ్ఞాపకశక్తి పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది. ముప్ఫై మార్కులు. ఈ రోజు తేదీ ఎంత, ఒక వాక్యం రాయండి, ఈ బొమ్మ చూసి అట్లాగే గీయండి. బడి ముఖం చూడని మనిషి చేతికి పెన్సిలిచ్చి వాక్యం రాయమంటే ఆమె తప్పేది మతిలో కాదు, పరీక్షలో. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన పరిశోధకులు 1995లోనే ఈ పరీక్షను చదువురాని హిందీ పల్లె జనానికి తగ్గట్టు మార్చుకున్నారు. ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతంలో ఆదివాసీలతో కలిసి తయారుచేసిన పరీక్ష 2006లో వెలువడింది. అందులో చదవడం, రాయడం అక్కర్లేదు. ఇంట్లో వాడుకునే వస్తువులు చూపిస్తారు, ఆ నేల మీద ఎరిగిన బొమ్మలు చూపిస్తారు. మన ఉట్నూరు, ఖానాపూర్, కడెం గూడేల్లో గోండు అవ్వను తేదీ అడిగే బదులు నాగోబా జాతర ఇంకెన్ని రోజులుందో అడిగి చూడాలి. ఇప్పపూవు ఏరేది ఎప్పుడో, తునికాకు తెంపేది ఎప్పుడో అడగాలి. తప్పు చెబితే అప్పుడు భయపడదాం.

కింబర్లీలో తగిన పరీక్షతో చూశాక తేలింది ఇంకా ముఖ్యం. 45 ఏళ్ళు దాటిన ఆదివాసీల్లో 12.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. మొత్తం ఆస్ట్రేలియా జనాభాతో పోలిస్తే దాదాపు అయిదు రెట్లు. దీనికి పూర్తి వ్యతిరేకంగా, బొలీవియా అడవుల్లోని త్సిమానే, మొసెతెన్ తెగల్లో 60 దాటినవాళ్ళలో ఒక శాతం చుట్టూనే ఉందని 2022లో ఒక అధ్యయనం చెప్పింది. ఇద్దరూ ఆదివాసులే. ఒకరు భూమి పోగొట్టుకుని, పిల్లలను ప్రభుత్వం లాక్కుపోతే చూస్తూ బతికినవాళ్ళు. ఇంకొకరు ఇప్పటికీ ఎక్కువగా తమ చేనునూ వేటనూ నమ్ముకుని ఒళ్ళు వంచి బతికేవాళ్ళు. కాబట్టి "ఆదివాసుల్లో ఈ జబ్బు ఉండదు" అన్న మాటా, "ఆదివాసులకు ఈ జబ్బు తెలియదు" అన్న మాటా రెండూ సోమరి మాటలే. ఏ ఆదివాసులు, ఏ చరిత్ర మోసినవాళ్ళు అని అడగకుండా సంస్కృతి గురించి మాట్లాడలేం.

మన దేశం సంగతి. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అంచనా ప్రకారం 60 దాటినవాళ్ళలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో బతుకుతున్నారు. పురుషులకన్నా స్త్రీలలో ఎక్కువ, పట్టణాలకన్నా పల్లెల్లో ఎక్కువ. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఈ జబ్బుకు దారితీసే, మార్చగలిగిన కారణాలు పద్నాలుగు చూపించింది. చిన్నప్పుడు చదువు లేకపోవడం అందులో ఒకటి. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చదవండి. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికో, తునికాకు కత్తిరించడానికో బడి మాన్పించిన ఆడపిల్లకు జరిగిన అన్యాయం అక్కడితో ఆగలేదు. అరవై ఏళ్ళ తర్వాత ఆమె మెదడు దాకా వచ్చింది. చదువుల తల్లి కొలువున్న బాసర ఉన్నది మా జిల్లాలోనే. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ గుడి చుట్టూ ఉన్న ఊళ్ళలో వేలిముద్ర వేసి పింఛను తీసుకునే అవ్వల తరం ఇంకా బతికే ఉంది.

అయితే చదువే మెదడుకు ఏకైక ఆధారం కాదని కూడా మన హైదరాబాదే చెప్పింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒకే భాష వచ్చినవాళ్ళకన్నా రెండు అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది. చదువురానివాళ్ళలోనూ ఈ తేడా కనిపించింది. నిర్మల్ సంతలో కూరగాయలమ్మే ఆమె తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ మాట్లాడుతుంది, గోండీ కొంత అర్థం చేసుకుంటుంది. ఆమెను నిరక్షరాస్యురాలని రాసుకునే రిజిస్టరులో ఈ భాషలకు గడి లేదు. ఈ అధ్యయనాన్ని ఇష్టంగా చదువుతూనే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. అది ఆస్పత్రి దాకా వచ్చినవాళ్ళ లెక్క. నిర్మల్ నుంచి రెండు వందల కిలోమీటర్లు దాటి పంజాగుట్టకు ఎవరిని తీసుకుపోతారు? పొలం కాగితాలు ఎక్కడ పెట్టాడో మరిచిన తండ్రినా, కూరలో రెండుసార్లు ఉప్పేసిన తల్లినా?

గోండుల గురించి మనకు తెలిసిందనుకుంటున్న దానిలో చాలా భాగం హైమెన్‌డార్ఫ్ పుస్తకాల నుంచి వచ్చింది. 1940లలో నిజాం రాజ్యంలో ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో ఉండి పనిచేశారు. ఆ పుస్తకాల్లో గోండుల జ్ఞాపకానికి ఒక వ్యవస్థ కనిపిస్తుంది. ప్రతి గోత్రానికీ పేర్స పేన్ ఉంటాడు. ఆ గోత్రం పుట్టుక, వలసలు, పోరాటాలు పర్ధాన్లు కిక్రి వాయిస్తూ పాడతారు. తెగ జ్ఞాపకం ఒక్క ముసలివాడి తలలో లేదు, దాన్ని మోయడం ఒక సమూహం వృత్తి. ఒకరు మరిచినా తెగ మరవదు. ఇది నిజంగా గొప్ప ఏర్పాటు. మరుపును ఒంటరి మనిషి లోపంగా మాత్రమే చూసే ఆధునిక వైద్యం దీని నుంచి నేర్చుకోవలసింది ఉంది. కానీ ఇక్కడా ఆగి అడగాలి. పర్ధాన్ పాడే పాటలో గోత్రం ఉంది, వీరులు ఉన్నారు, దేవుళ్ళు ఉన్నారు. ఏ గడ్డ ఎట్లా ఉడకబెడితే చేదు పోతుందో, అడ్డం తిరిగిన బిడ్డను ఎట్లా సరిచేస్తారో తెలిసిన అవ్వ జ్ఞానానికి పర్ధాన్ ఎవరు? ఆమె మరిచిననాడు అది పోతుంది. పోయిందని కూడా ఎవరికీ తెలియదు.

కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశపు కొత్త కోడళ్ళను దేవుడికి పరిచయం చేసే 'భేటింగ్' ఉంటుంది. ఆ పరిచయం చేయించేది వంశంలోని పెద్ద ఆడవాళ్ళు. నాకు ఆ తంతు ఇష్టం. ముసలి ఆడమనిషికి ఒక పని, ఒక మాట, ఒక అధికారం అక్కడ మిగిలి ఉన్నాయి. అడిగే చోటు ఉంటే మరుపు తొందరగా కనపడుతుంది, కనపడ్డాక పక్కనున్నవాళ్ళు అందిస్తారు. గౌరవం అంటే కాళ్ళు మొక్కడం కాదు, పని అప్పజెప్పడం. కానీ ఈ ఒక్క తంతును చూపించి 'ఆదివాసీ సమాజంలో వృద్ధురాలు రాణి' అని రాయడానికి నా చెయ్యి రాదు.

ఎందుకంటే ఇదే ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇంకో మాట కూడా ఉంది, చేతబడి. రాత్రిపూట ఒంటరిగా తిరగడం, తనలో తను గొణుక్కోవడం, ఎవరింటి ముందో నిలబడి పోకపోవడం, బట్టల మీద ధ్యాస లేకపోవడం. న్యూరాలజీ పుస్తకంలో ఇవి లక్షణాలు, ఊళ్ళో ఇవి సాక్ష్యాలు. ఒక ఇంట్లో బిడ్డ చనిపోతే వేలు ఎటు చూపిస్తారో మనకు తెలుసు. మగవాళ్ళ మీద కూడా ఈ నింద పడుతుంది. కానీ మొగుడు పోయి, కొడుకులు దూరమై, పేరున కాస్త భూమో ఇల్లో మిగిలిన ముసలామె మీద పడడం ఎంతో తేలిక. ఘానా ఉత్తర ప్రాంతంలో మంత్రగత్తెలన్న నింద పడి ఊరు వదిలినవాళ్ళు తలదాచుకునే గాంబాగా వంటి శిబిరాలు ఉన్నాయి. అక్కడ ఎక్కువమంది ముసలి ఆడవాళ్ళే. ఏ దేశమైనా లెక్క ఒకటే. మరుపు వచ్చిన మగవాడు పెద్దాయన అవుతాడు, మరుపు వచ్చిన ఆడది మంత్రగత్తె అవుతుంది. 'స్థానిక విశ్వాసాలను గౌరవించాలి' అనే వ్యాసాలు ఈ పేరా దగ్గర ఎందుకో తొందరగా పేజీ తిప్పేస్తాయి.

ఇక కోడలి దగ్గరికి. లారెన్స్ కోహెన్ అనే మానవశాస్త్రవేత్త కాశీలో తిరిగి 1998లో రాసిన 'నో ఏజింగ్ ఇన్ ఇండియా' ఈ విషయం మీద ఇప్పటికీ చదవవలసిన పుస్తకం. ముసలితనపు మతిభ్రంశాన్ని మనవాళ్ళు మెదడు జబ్బుగా కాక 'చెడ్డ కుటుంబం' లక్షణంగా చూస్తారని ఆయన పట్టుకున్నాడు. ఉమ్మడి కుటుంబం కూలిపోయింది, పడమటి గాలి సోకింది, పిల్లలు చూడడం లేదు, అందుకే పెద్దల మతి పోతోంది అన్నది ఆ కథ. చాలా సరిగ్గా పట్టుకున్నాడు. నేను దానికి ఒక్క మాట చేరుస్తాను. మన వీధుల్లో 'చెడ్డ కుటుంబం' అన్నప్పుడు దానికి ముఖం ఉంటుంది, అది కోడలి ముఖం. "కోడలు సరిగ్గ బువ్వ పెట్టక ముసల్ది గట్లయింది" అంటారు. కొడుకు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. డబ్బు పంపుతాడు కాబట్టి అతను చూసుకుంటున్నట్టు లెక్క. ఇక్కడ అత్త ఒంటికీ రెంటికీ ఎత్తుకుని తీసుకుపోయేది కోడలు. ఆమె చూస్తున్నట్టు లెక్క కాదు, అది ఆమె ధర్మం. తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టం కొడుకులూ కూతుళ్ళూ ఖర్చు భరించాలంటుంది. ఒంటి చాకిరి చేసేవాళ్ళకు ఏమివ్వాలో అది చెప్పదు.

నిర్మల్ ప్రాంతంలో ఈ కోడళ్ళు ఎంతోమంది బీడీలు చేస్తారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎన్ని వందలయితే అన్ని డబ్బులు. మధ్యలో అత్త లేచి గల్లీలోకి పోతే చాట కింద పెట్టాలి. తిరిగి వచ్చి కూర్చునేసరికి తడిపిన ఆకు ఎండిపోతుంది. ఆ రోజు తగ్గిన మూడు నాలుగు వందల బీడీలు ఏ ఆరోగ్య శాఖ ఖర్చు లెక్కలోకీ రావు. మా గల్లీలో ఒకామె అన్న మాట నన్ను వదలడం లేదు. అత్త కూడా యాభై ఏళ్ళు బీడీలు చేసిన మనిషే. ఇప్పుడు కోడలి పేరు తెలియదు. ఖాళీ చాట ఇస్తే మాత్రం వేళ్ళు చుడుతూనే ఉంటాయట. "సోయి తలకాయల లేదక్కా, చేతులల్ల ఉన్నది" అంది. ఏళ్ళ తరబడి చేతులు నేర్చుకున్న పని ఈ జబ్బులో ఆలస్యంగా పోతుందని నాడీశాస్త్రం చెబుతుంది. కోడలికి ఆ సంగతి పుస్తకం లేకుండా తెలిసింది, ఎందుకంటే రోజంతా చూస్తున్నది ఆమె. అవగాహన లేదని మనం అంటున్నది వీళ్ళనే.

అందుకే ఈ విషయం మీద వచ్చే ప్రతి రచననూ, అది వైద్య వ్యాసమైనా, మానవశాస్త్ర గ్రంథమైనా, కథైనా, మనం మూడు ప్రశ్నలతో చదవాలని నా ప్రతిపాదన. సంగతి ఎవరిని అడిగి రాశారు? పోయిన జ్ఞాపకానికి విలువ కట్టింది ఎవరు? కడుగుతున్న చెయ్యి పేజీలో ఉందా? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని రచన పెద్దల గౌరవం గురించి ఎంత అందంగా మాట్లాడినా నేను నమ్మను. అట్లాగే మనం ప్రభుత్వాన్ని అడగవలసినవీ ఈ ప్రశ్నల నుంచే పుడతాయి. గోండీ, కొలామీ, లంబాడీ, ఉర్దూ, మరాఠీ మాట్లాడే మనుషులను వాళ్ళ భాషలో, వాళ్ళ వస్తువులతో పరీక్షించే ఏర్పాటు కావాలి. "సోయి ఉంటలేదు" అన్న మాట వింటే ఏం చేయాలో తెలిసిన ఆశా కార్యకర్త కావాలి. ఆమెకు ఆ పనికి కూలి కూడా కావాలి. పగటిపూట నాలుగు గంటలు అత్తను కూర్చోబెట్టుకునే చోటు ఒకటి మండలానికి కావాలి. చూసుకునే మనిషికి, అది కోడలైనా కూతురైనా కొడుకైనా, పోయిన కూలికి బదులు భృతి కావాలి.

మన రచయిత్రులను అడిగేది కూడా ఒకటుంది. అత్తాకోడళ్ళ కథలు తెలుగులో లెక్కలేనన్ని ఉన్నాయి. అధికారం ఉన్న అత్త, అణిగిన కోడలు, లేదంటే తిరగబడిన కోడలు. ముప్ఫై ఏళ్ళు తనను సాధించిన అత్త ఒకరోజు తనను "అమ్మా" అని పిలిచి అన్నం పెట్టమని అడిగితే, సాధించిన సంగతి ఒకరికే యాది ఉండి ఇంకొకరికి లేకుండా పోతే, ఆ కోపాన్ని కోడలు ఎక్కడ పెట్టుకోవాలి? ఆ ఇంట్లో ఆ జ్ఞాపకాన్ని ఇప్పుడు మోస్తున్నది ఆమె ఒక్కతే. ఆ కథ నిర్మల్‌లో ఈ రోజు ఎన్నో ఇళ్ళలో నడుస్తోంది. రాయవలసినవాళ్ళం మనమే.